తోటలలో మందు చల్లుట: ఆకు మీద నిలుచునదియు, గాలిపాలగునదియు

శిరివెళ్ల ప్రాంతపు భూములు తూర్పున నల్లమల కొండలకును, పడమట కుందూ నదికిని నడుమ నున్నవి. ఈ లోయలో నల్లరేగడి చేలును, కాలువ క్రింది మాగాణియు, మామిడి, అరటి తోటలును వేరువేరు ఖండములుగా నుండక ఒకదానినొకటి ఆనుకొనియే యుండును. ఒక పట్టాదారుని తోటగట్టు దాటినంతనే వేరొకని వరిమడియో, ప్రత్తిచేనో, పశువులు మేయు బీడో కానవచ్చును. సర్వేరాళ్లు భూమిని విభజింపగలవు గాని గాలిని విభజింపజాలవు. కావున తోటలో చల్లిన పురుగుమందు ఎవరి సర్వే నంబరులో పడుచున్నదను విషయము ప్రతి రైతును విచారింపదగినదిగా నున్నది.

రైతు మందును కొని, నీట కలిపి, చెట్టుపై చల్లినప్పుడు అది మూడు పద్దులలో చేరును. కొంత ఆకుమీదను, పూతమీదను, పురుగుమీదను పడి నిలుచును. కొంత చెట్టునుండి కారి నేల జేరును. తక్కినది గాలిలో కొట్టుకొనిపోవును. ఈ మూడింటిలో మొదటిది మాత్రమే జమ. రెండవది వట్టి ఖర్చు. మూడవది ఖర్చు మాత్రమే గాక, పొరుగువానికి రైతు తెలియకయే పడుచున్న బాకీ. దుకాణములో మందు ధరకై గీచిగీచి బేరమాడు రైతు ఈ రెండు మూడు పద్దులను ఎన్నడును లెక్క చూడకుండుట చిత్రము.

మందు ఏ పద్దులో చేరునది ముఖ్యముగా చుక్క పరిమాణమును బట్టి నిర్ణయమగును. పిచికారినుండి వెడలు చుక్కలను మైక్రానులతో కొలుతురు. మైక్రాను అనగా మిల్లీమీటరులో వేయవ వంతు. మనిషి తలవెండ్రుక మందము సుమారు డెబ్బదినుండి నూరు మైక్రానుల వఱకు నుండును. 400 మైక్రానుల చుక్క ఒకదానిలోని నీటితో 100 మైక్రానుల చుక్కలు అఱువది నాలుగు చేయవచ్చును. అందుచేత సన్నని తుంపర ఎక్కువ ఆకులను తాకునని యెంచుట సహజమే. మంచువలె పొగలెగయునట్లు కొట్టినగాని పని జరిగినట్లు తోచనివారు అనేకులు కలరు. కాని సన్నని చుక్కకు బరువు లేదు. బరువు లేనిదానికి గాలియే యజమాని.

దీనికి లెక్క కలదు. నేలకు పదియడుగుల యెత్తున చుక్కను విడిచిరనుకొనుడు. గాలి గంటకు మూడు మైళ్ల వేగమున, అనగా మనిషి నిదానముగా నడచునంత మెల్లగా వీచుచున్నదనుకొనుడు. 400 మైక్రానుల చుక్క రెండు సెకండ్లలో నేల జేరును. ఈలోగా ఎనిమిదిన్నర అడుగులు మాత్రమే ప్రక్కకు పోవును. 100 మైక్రానుల చుక్కకు పది సెకండ్లు పట్టును. అది నలువది నాలుగడుగుల దూరమున పడును. 20 మైక్రానుల చుక్క నాలుగు నిమిషములకు పైగా గాలిలో తేలుచు సుమారు 1,100 అడుగులు సాగిపోవును. చతురముగా కొలిచిన యెకరమునకు ప్రక్క 209 అడుగులుండును గదా. అట్టి యెకరములు వరుసగా ఐదింటిని ఆ చుక్క దాటిపోవునన్నమాట. ఇది పదియడుగుల యెత్తునుండి వేసిన లెక్క. ముప్పదియడుగుల మామిడిచెట్టు కొనకు గన్నుతో ఎగజిమ్మినప్పుడు ఆ దూరము ఇంకెంత పెరుగునో రైతులే ఊహింపవచ్చును. ఎండలో నీరు ఆవిరియగుటచే చుక్క దారిలోనే చిక్కిపోవుటయు కలదు. చిక్కినకొలది తేలిక, తేలికైనకొలది దూరము.

అట్లని చుక్క ఎంత పెద్దదైన అంత మంచిదని చెప్పవలను పడదు. మామిడియాకునకును, అరటియాకునకును పైన మైనమువంటి పూత యుండును. పెద్ద చుక్క దానిపై పడి చిట్లి, జారి, ఆకుకొననుండి కారిపోవును. ఆకులనుండి నీరు బొట్లుబొట్లుగా రాలుచుండగా చెట్టు బాగుగా తడిసినదని సంతోషించుట కలదు. నిజమునకు ఆకు పట్టగలిగినంత పట్టిన పిమ్మట చల్లునదంతయు నేల పాలగుటయే గాక, ముందు పట్టినదానిని సైతము కొంత కడిగికొనిపోవును. రాలుటకు ముందుగా ఆపుటయే నేర్పు. జిగురుమందు కలిపినచో చుక్క ఆకుపై పఱచుకొని నిలుచును గాని అది మితిమీరినచో మరల కారుటయే ఫలము. కావున మరీ సన్నమును, మరీ లావును గాని నడిమితరపు చుక్కయే పండ్లతోటలకు తగినది.

ఇక గాలి సంగతి. పొగ ఏ దిక్కునకు వంగుచున్నదో తెలియుచు, ముఖమునకు గాలి సోకుచు, ఆకులు చిన్నగా గలగలలాడుచున్నచో మందు చల్లవచ్చును. ఆకులును చిరుకొమ్మలును ఎడతెగక కదలుచున్నచో పంపు ఆపవలెను. ఇంతవఱకు అందఱకును తెలిసినదే. తెలియనిది, నష్టము కలిగించునది వేరొకటి కలదు: గాలి బొత్తిగా లేని వేళ.

పుష్య మాఘ మాసములలో మామిడి పూతకు వచ్చును. అప్పుడు రాత్రులు ఆకాశము నిర్మలముగా నుండి నేల త్వరగా చల్లబడును. నేలనంటిన గాలి చల్లనై బరువెక్కి క్రిందనే పఱచుకొనును. దానిపై వెచ్చని గాలి మూతవలె నిలుచును. తెల్లవారుజామున ఊరివైపు చూచినచో పొయ్యిపొగ పైకి పోక ఇండ్లకప్పుల మీద దుప్పటివలె చదునుగా పఱచుకొనియుండుట కానవచ్చును. అట్టి వేళ చల్లిన సన్నని తుంపర పైకి పోయి విరిగిపోదు, క్రిందికిని దిగదు. మూత క్రిందనే తేలి, మెల్లగా పల్లమువైపు జాఱి, కాలువగట్టునో, పశువులపాకనో, పల్లెనో చేరును. గాలి లేదని మెచ్చుకొని కోడికూతకే పంపు భుజమునకెత్తువాడు ఈ పొరపాటు చేయుచున్నాడు. పొగ లేచి పైకి చెదరుట మొదలైన తరువాత, అనగా పొద్దెక్కి మంచు విడిన పిమ్మట ప్రారంభించి, ఎండ ముదురకమునుపే ముగింపవలెను. సాయంకాలమైనచో పొగ చదును కాకమునుపే చాలింపవలెను. నడిమధ్యాహ్నమున చల్లుట ఎప్పుడును తగదు. వేసవిలో సుడిగాలులు లేచు వేళ మఱియు తగదు.

మామిడిలో ముఖ్యశత్రువగు తేనెమంచు పురుగు విషయము చూచినచో ఈ పాఠము మఱింత స్పష్టమగును. ఈ పురుగు పూతలేని కాలమున మొదలు బెరడు పగుళ్లలోను, కొమ్మల నడిమి చీకటిలోను దాగియుండును. పూత రాగానే గుంపులుగా వచ్చి పూగెలల రసము పీల్చి, జిగట తేనెను కార్చును. దానిపై మసి పట్టును. రైతు చెట్టుచుట్టు తిరుగుచు పైగుబురును తడిపి పోవును. వెలుపలి ఆకులు మందును త్రాగును. లోపలి పురుగు సుఖముగా నుండును. పది దినములకు మరల పురుగు కనబడినచో మందు పనిచేయలేదని దుకాణదారుని నిందించి, మోతాదు పెంచి, లేదా రెండు మూడు మందులు కలిపి కొట్టుదురు. మందు పని చేయకపోవుట కాదు. మందు పురుగును చేరకపోవుట. మోతాదు ఇబ్బడి చేసినను చేరనిది చేరదు.

దీనికి మందు దుకాణములో లేదు, కత్తిలో నున్నది. పెద్దలు ముప్పదియడుగులకు మించిన ఎడముతో నాటిన బంగినపల్లి చెట్లు నేడు అనేక తోటలలో ఒకదానితోనొకటి కలిసి పందిరివలె నైనవి. కాయ దిగిన వెంటనే ఎండుకొమ్మలను, లోపలికి పెరిగిన కొమ్మలను, నడిమి నిలువుకొమ్మను కొంతమేర తొలగించినచో వెలుగును, గాలియు, వాటితోబాటు తుంపరయు లోనికి పోవును. చెట్టు ఎత్తు తగ్గినచో గన్నును ఆకాశమునకు ఎక్కుపెట్టవలసిన పని తప్పును. 2017లో భౌగోళిక గుర్తింపు పొందిన బంగినపల్లి మామిడి పేరును నిలుపుకొనుటకు ఇంతకన్న చౌక సాధనము లేదు.

పూత విచ్చుకొనకమునుపు, పూమొగ్గ వెడలు దశలోనే చల్లుట మేలు. పూలు విరిసియున్నప్పుడు ఈగలును తేనెటీగలును పూతపై వాలి కాయకట్టుటకు తోడ్పడును. ఇమిడాక్లోప్రిడ్ మొదలగు మందులు తేనెటీగలకు మిక్కిలి హానికరములు. పూత నిండుగా నున్నప్పుడు చల్లినవాడు కాయకట్టు తగ్గినదని తరువాత వాతావరణమును తిట్టుట వ్యర్థము.

అరటి విషయము కొంత వేరు. ఆకుమచ్చ తెగులు క్రొత్తగా విచ్చుకొను లేతయాకులకు ముందుగా అంటును. అవి చెట్టుకొనన నుండును. క్రిందనుండి ముదురాకులను తడిపిన లాభము స్వల్పము. ఎండిన మచ్చలాకులను ముందుగా కోసివేసి, తుంపర మొవ్వునకు అందునట్లు చూచుకొనవలెను.

మందు ఎక్కడ పడవలెనో అక్కడనే పడవలెనను నియమము క్రొత్తది కాదు. మైసూరు సంస్థానమున మలెనాడు పోకతోటలను వర్షకాలములో కొళెరోగమను కాయకుళ్లు తెగులు నాశనము చేయుచుండగా, 1908లో ఆ సంస్థానపు కొలువులో చేరిన కోల్‌మన్ అను కెనడా దేశస్థుడు దానిని పరిశోధించి బోర్డో మిశ్రమమును వాడించెను. మైలుతుత్తమును సున్నమును కలిపిన ఆ మిశ్రమపు గుణమును ఫ్రాన్సు దేశమున మిలార్డే 1885లో లోకమునకు తెలిపియుండెను. మలెనాడున చెట్టునంతయు తడుపలేదు. చెట్టెక్కు కూలీలు పైనుండి గెలలకు మాత్రమే మందు పట్టించిరి. జడివానకు కొట్టుకొనిపోకుండ జిగురును చేర్చిరి. నేటికిని ఆ తోటలలో ఆ పద్ధతి నిలిచియున్నది.

తన తోటలో మందు ఎక్కడ పడుచున్నదో రైతు తన కంటితో చూచుకొనుటకు సులువైన పరీక్ష కలదు. పరిశోధనాలయములలో తడి తగిలినచోట పసుపునుండి నీలమునకు మారు కాగితములను వాడుదురు. పల్లెలో అవి దొరకనక్కరలేదు. బట్టలకు వాడు నీలిమందును నీటిలో చిక్కగా కలిపి, పురుగుమందు ఏమియు చేర్చక, శుభ్రముగా కడిగిన పంపులో పోయవలెను. తెల్లకాగితమును అరచేతి ప్రమాణమున ముక్కలుగా కత్తిరించి, ఒక చెట్టున పైకొమ్మకు, నడిమికి, క్రిందికి, గుబురు వెలుపల, గుబురు లోపల, ఆకు పైభాగమున, ఆకు అడుగున గ్రుచ్చవలెను. బెరడు పగుళ్లమీద ఒకటి అంటింపవలెను. చెట్టు క్రింద నేలపై రెండు పఱువవలెను. గాలి పోవు దిక్కున తోటగట్టు మీదను, గట్టు దాటి పొరుగువాని అనుమతితో అతని చేనిలోను కఱ్ఱలు పాతి కొన్ని కట్టవలెను. ప్రతి ముక్కపై దాని చోటు వ్రాయుట మఱువరాదు. తరువాత ప్రతిదినము ఎట్లు చల్లుదురో అట్లే కూలీలచేత చల్లించి, కాగితములు ఆరిన పిదప కూడదీసి వరుసగా పేర్చి చూడవలెను.

వెలుపలి కాగితములు నీలముతో తడిసి ముద్దయై, లోపలివి తెల్లగా నున్నచో కొమ్మలు కత్తిరింపవలసిన చెట్టని తెలియును. అడుగుభాగపు కాగితములు తెల్లగా నున్నచో కూలీ దూరమునుండి పైపైన చల్లినాడని అర్థము. నేలమీదివి చెట్టుమీదివానికన్న ఎక్కువ తడిసినచో నీరు మితిమీరినది. పొరుగుచేనిలోని కాగితముమీద చిన్నచిన్న నీలి చుక్కలు కనబడినచో ఇక వాదించుటకేమియు లేదు. పొరుగువాని యెదుట ఆ కాగితము తీయుటకు కొంత ధైర్యము కావలెను గాని, తగవు వచ్చిన తరువాత తీయుటకన్న ముందు తీయుటయే మేలు. గాలి మార్చి, నాజిల్ మార్చి, ఒత్తిడి తగ్గించి ఇదే పరీక్షను మరల చేసినచో భేదము కంటికి కనబడును.

నాజిల్ అరుగుట చాలమంది గమనింపరు. మందు పొడియు, మురికినీటి ఇసుకయు రంధ్రమును అరుగదీయును. క్రొత్త నాజిల్‌నుండి ఒక్క నిమిషములో వచ్చు నీటిని కొలపాత్రలో పట్టి వ్రాసిపెట్టుకొని, నడుమనడుమ పాతదానిని అదే ఒత్తిడిలో కొలిచి చూడవలెను. నూటికి పది మించి ఎక్కువ వచ్చినచో దానిని పారవేయుటయే లాభము. ఒత్తిడి పెంచినకొలది చుక్క సన్నమగును. దూరము అందుటలేదని ఇంజనును అరిపించుట కన్న నిచ్చెన వేసికొనుటయో, వెదురుకు గొట్టము కట్టుటయో మంచిది. పురుగుమందులకు గుల్లకోను నాజిల్‌ను, కలుపుమందులకు విసనకఱ్ఱవలె చల్లు నాజిల్‌ను వాడుట ఆచారము.

కలుపుమందుకు వేరు పంపు ఉంచుకొనుట తప్పనిసరి. నంద్యాల సీమ చిరకాలముగా ప్రత్తికి పేరుగన్నది. ప్రత్తికి 2,4-డి అను కలుపుమందు గిట్టదు. మొక్కజొన్నలోనో, జొన్నలోనో, గట్లమీదనో దానిని చల్లినప్పుడు కొద్దిపాటి తుంపర గాలికి వచ్చి తాకినను ప్రత్తియాకులు వెడల్పు కోల్పోయి, ఈనెలు దగ్గరపడి, బెండాకువలె చీలి ముడుచుకొనును. ఆ మందులో కొన్ని రకములు చల్లిన తరువాత సైతము ఆవిరియై కదలిపోవును. పంపు అడుగున మిగిలిన కొంచెముతోనే తన తోటకే చేటు తెచ్చుకొన్నవారు కలరు. చేపలకు పైరెత్రాయిడు జాతి మందులు విషతుల్యములు. కాబట్టి కాలువలోను చెరువులోను పంపు కడుగుట, కాలువవైపు గాలి యున్నప్పుడు గట్టువరుసలకు చల్లుట కూడదు.

గాలిపాలైన మందు ఎంతవఱకు పోవునో కేరళములోని కాసరగోడు జిల్లా చెప్పుచున్నది. అచ్చట ప్రభుత్వ సంస్థకు చెందిన జీడిమామిడి తోటలపై 1970ల నడుమనుండి 2000 వఱకు హెలికాప్టరులతో ఎండోసల్ఫాన్ చల్లించిరి. కొండలు, లోయలు, వాటి నడుమ ఇండ్లు, మూతలేని నీటివనరులు గల సీమ యది. తోటను ఉద్దేశించి చల్లిన మందు ఇండ్లమీదను నీటిమీదను పడెనని, బిడ్డలు అంగవైకల్యములతో పుట్టిరని జనులు మొఱపెట్టుకొనిరి. 2011 మే నెలలో సుప్రీముకోర్టు ఆ మందును దేశమంతట నిలిపివేసెను. 2017 జనవరిలో బాధితులకు ఒక్కొక్కరికి ఐదు లక్షల రూపాయల చొప్పున చెల్లింపుమని కేరళ ప్రభుత్వమును ఆదేశించెను. శిరివెళ్ల తోటలో హెలికాప్టరు లేకపోవచ్చును గాని, ఇప్పుడు డ్రోనులు వచ్చినవి. వానితో మందు చల్లుటకు కేంద్రప్రభుత్వము 2021 డిసెంబరులో నియమములు ప్రకటించెను. డ్రోను కొద్దినీటితో పైనుండి చల్లును. వరికి తగినది గుబురు మామిడి లోపలికి తగునని తలంపరాదు. దానిని వాడువారు నీలిమందు పరీక్షను ముందుగా చేసి చూచుట మంచిది.

గట్టువరుసల విషయమున కొంత ఏర్పాటు చేసికొనవచ్చును. పూతకాలమున ఇచ్చట గాలి సామాన్యముగా ఈశాన్యమునుండియు, వర్షకాలమున నైరృతినుండియు వీచును. కాలువవైపు గాని, ఊరివైపు గాని గాలి పోవు దినమున ఆవైపు రెండు వరుసలను విడిచి, గాలి తిరిగిన దినమున చల్లవలెను. చివరివరుసకు వెలుపలినుండి లోపలివైపునకే చల్లవలెను. గట్టున సరుగుడు దట్టముగా పెంచినచో సూదులవంటి దాని ఆకులు సన్నని తుంపరను వెడల్పాకులకన్న బాగుగా పట్టును. ఆ వరుసక్రింది గడ్డిని పశువులకు కోయరాదు. చల్లుటకు ముందటి దినమున పొరుగు రైతుకును, తేనెపెట్టెలు పెట్టినవారికిని, పశువుల కాపరికిని చెప్పి పంపుట మర్యాదయు, ఉపాయమును.

తుంపర మొట్టమొదట పడునది పంపు మోయువాని మీదనే. 2017లో మహారాష్ట్రములోని యవత్మాల్ జిల్లాలో ఆ యేట తలయెత్తు పెరిగిన ప్రత్తిలో మందు చల్లుచు సుమారు ఇరువదిమంది మరణించిరి. వందలమంది ఆసుపత్రుల పాలైరి. మామిడిచెట్టు క్రింద నిలిచి పైకి కొట్టు కూలీ స్థితియు అట్టిదే. చల్లినది తన ముఖముమీదనే దిగును. చెట్టు గుబురుకు వెలుపల, గాలిని వీపున పెట్టుకొని నిలిచి, తడిసిన వరుసలోనికి కాక తడియని వరుసలోనికి వెనుకకు నడచుచు చల్లవలెను. ముక్కుకు గుడ్డ, కంటికి అద్దములు, చేతికి తొడుగులు, నిండుచేతుల చొక్కా భూస్వామియే ఇచ్చి, వేసికొన్నదాక పంపు ఇయ్యరాదు. డబ్బా మీద ఎఱ్ఱ త్రికోణమున్నచో అది మిక్కిలి విషము. పసుపు, నీలము, ఆకుపచ్చ వరుసగా తగ్గుచు వచ్చును. చల్లుచున్నవానికి తలతిరుగుట, నోట నీరూరుట, చెమట పట్టుట, చూపు మసకయగుట, కంటిపాప చిన్నదగుట కనబడినచో వెంటనే పని ఆపించి, తడిబట్టలు విప్పించి, సబ్బుతో ఒడలు కడిగించి, 108కి కబురంపి ఆసుపత్రికి చేర్పవలెను. వెంట ఆ మందు డబ్బాను చీటీతో సహా తప్పక పంపవలెను. విరుగుడు ఏదో వైద్యుడు దానిని చూచియే నిర్ణయించును.